ఇసుక తాగిందెంత, లెక్క తప్పిందెంత?

"బ్యారేజీ దగ్గర ఆరు వేల క్యూసెక్కులు కావాలంటే పులిచింతలలో ఏడు వేల రెండొందలు వదలమని ఇండెంట్ రాయాలి. అదీ రెండు రోజుల ముందే వదలమనాలి. నా సర్వీసంతా ఇట్లాగే రాశాను. ఎప్పుడూ తప్పలేదు" అన్నారు పెద్దాయన.

"తప్పలేదా, తప్పిందో లేదో ఎవరూ చూడలేదా మామయ్యా?" అంది మేనకోడలు.

పెద్దాయన కృష్ణా డెల్టాలో ఏఈగా చేరి, ఈఈగా రిటైరైన మనిషి. కాలవ గట్ల మీద లస్కర్లతో కలిసి నడిచిన ఉద్యోగం ఆయనది. మేనకోడలు నదుల ప్రవాహాల మీద పరిశోధన చేసి, ఇప్పుడు వరద అంచనాలు వేసే పనిలో ఉంది. ఇద్దరికీ కృష్ణ మీద ప్రేమే, కాకపోతే ఆయన దాన్ని గేజి రాయి మీద చదివాడు, ఆమె కంప్యూటర్లో చదువుతోంది. ఎక్కడ కలిసినా వాళ్ల గొడవ ఇదొక్కటే: పైన వదిలిన నీళ్లు కిందికి ఎప్పుడొస్తాయి, ఎన్ని వస్తాయి?

ఇది డెల్టా రైతుకు కూడూగుడ్డా ప్రశ్న. ప్రకాశం బ్యారేజీ వెనక నిలిచేది మూడు టీఎంసీల పైచిలుకే. పన్నెండు అడుగులు నిండిందంటే ఆపైన వచ్చిందంతా గేట్లెత్తి సముద్రంలోకి వదలాల్సిందే. రోజుకు 11,574 క్యూసెక్కుల చొప్పున పారితే ఒక టీఎంసీ అవుతుంది గనక, ఆరు వేలంటే రోజుకు అర టీఎంసీ. నీళ్లు ఆలస్యమైతే నారుమళ్లు ఎండుతాయి, ముందే వచ్చేస్తే హంసలదీవి దాటిపోతాయి. పులిచింతల కట్టకముందు ఈ లెక్క ఇంకా కష్టంగా ఉండేది. అప్పుడు నీళ్లు నాగార్జునసాగర్ నుంచే రావాలి, దాదాపు 200 కిలోమీటర్ల నది దాటాలి. 45.77 టీఎంసీల పులిచింతల, కాగితాల్లో కె.ఎల్.రావు సాగర్, సాగర్‌కు 115 కిలోమీటర్ల దిగువన, బ్యారేజీకి 85 కిలోమీటర్ల ఎగువన వచ్చింది. 2013 నుంచి తగాదా ఆ 85 కిలోమీటర్లకు కుదించుకుపోయింది. తీరలేదు.

"ఆ ఇరవై శాతం ఎక్కడికి పోతుందనుకుంటున్నారు?" అని అడిగిందామె.

"ఎక్కడికేమిటి, ఎండకు! రోహిణి కార్తెలో కృష్ణ ఒడ్డున ఒక గంట నిలబడు, నీకే తెలుస్తుంది."

"సరే, ఎండ లెక్కే చూద్దాం. పులిచింతల నుంచి బ్యారేజీ దాకా 85 కిలోమీటర్లు. తక్కువ నీళ్లప్పుడు తడి వెడల్పు సగటున 400 మీటర్లు అనుకుందాం. 34 చదరపు కిలోమీటర్లు. మండు వేసవిలో రోజుకు ఏడు మిల్లీమీటర్లు ఆవిరవుతాయనుకుందాం. ఎన్ని క్యూసెక్కులో తెలుసా? వంద. వందకు మూడు తక్కువే."

"వందా? రోహిణి కార్తెలోనా?"

"ఆరు వేలలో రెండు శాతం కూడా కాదు. మీరు అడిగింది ఇరవై శాతం."

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. ఎండ మీద నేరం మోపడం మన దగ్గర చాలా పాత అలవాటు. నిజానికి ఎండ ఎక్కువగా తినేది పారే నీళ్లను కాదు, నిలిచిన నీళ్లను. బచావత్ ట్రైబ్యునల్ శ్రీశైలం జలాశయంలో ఏడాదికి 33 టీఎంసీలు, సాగర్‌లో 17 టీఎంసీలు ఆవిరి కింద లెక్కలో రాసింది. రెండూ కలిపితే 50. విశాలంగా పరుచుకుని ఏడాది పొడుగునా నిలిచి ఉండే చెరువుకూ, రెండు రోజుల్లో దాటిపోయే పాయకూ ఆ తేడా ఉంది.

"ఆవిరి కాదంటావు. మరి నా కళ్లముందు నీళ్లు తగ్గాయి కదా, అదేమిటి?"

"అది ఇసుక. వేసవంతా ఎండిన నదికి మొదటి నీళ్లు కొత్త కుండలో పోసినట్టే. ముందు కుండ తాగాలి, ఆ తర్వాతే మనకు మిగలాలి. కొత్తగా తడవాల్సిన ఇసుక 17 చదరపు కిలోమీటర్లు ఉంటే, మీటరు లోతు దాకా ఎండి ఉంటే, అందులో అయిదో వంతు ఖాళీ నిండాలంటే 34 లక్షల ఘనపు మీటర్లు కావాలి. అంటే 0.12 టీఎంసీ. మొదటి రోజు మీరు వదిలిన అర టీఎంసీలో దగ్గర దగ్గర పావు వంతు."

"చూశావా! నా ఇరవై శాతం దానంతటదే వచ్చింది!" అన్నారు పెద్దాయన గెలిచినట్టు.

"మొదటి రోజుకు వచ్చింది. మీరు దాన్ని నెలంతా రాశారు."

గొడవ అసలు ఇక్కడుంది. నష్టాన్ని శాతంలో రాయడం ఇంజినీరింగ్ ఆఫీసుల్లో వాడుక. కానీ ఇసుక తాగే నీళ్లకు శాతంతో పనిలేదు. మూడు వేలు వదిలినా, పది వేలు వదిలినా అదే ఇసుక, అదే దాహం. పది వేలు వదిలితే తడి వెడల్పు పెరుగుతుంది కాబట్టి కొంచెం ఎక్కువ తాగుతుంది, అంతే. వారం రోజులు రెండేసి వేలు వదిలి, ఆపి, మళ్లీ పదిహేను రోజులకు రెండేసి వేలు వదిలితే ప్రతిసారీ ఇసుకకు కొంత కొత్తగా తాగించాల్సి వస్తుంది. అదే నీళ్లను ఒక్క దఫాలో, ఆపకుండా వదిలితే ఒక్కసారితో పోతుంది.

పెద్దాయన దీన్ని ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమే కాదు, ఆమెకు తెలియని రెండు సంగతులు చేర్చారు కూడా. మొదటిది, ఇసుక తవ్విన గుంతలు. నది అడుగు ఇప్పుడు పాత మ్యాపుల్లో ఉన్నట్టు చదునుగా లేదు. రేవు పక్కన రేవు, మనిషి మునిగేంత గుంతలు. అవి నిండితే గానీ నీళ్లు ముందుకు కదలవు. మ్యాపు చూసి లెక్కలు వేసేవాళ్లకు ఆ గుంతలు కనపడవు. రెండోది, ఇసుక తాగిందంతా పోయినట్టు కాదు. పైన గేట్లు దించాక కూడా రెండు మూడు రోజులు ఒడ్డున ఊట దిగుతూనే ఉంటుంది. "చెలమ తవ్వినవాడికి తెలుసు, నది ఎండినా నీళ్లుంటాయని. అవి కూడా బ్యారేజీకే వస్తాయి. కాకపోతే ఎవరూ వాటిని జమ రాయరు" అన్నారు.

"జమ రాయనిది అదొక్కటేనా?" అందామె. "ఒడ్డు పొడుగునా ఎత్తిపోతల పథకాలు, ఊళ్ల మంచినీళ్ల మోటార్లు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం తోడుకునేవి. అందులో చాలా భాగం వేడెక్కి తిరిగి నదిలోకే వస్తాయనుకోండి. వీటన్నిటినీ కలిపి మీ ఫైల్లో పెట్టిన పేరు 'నదీ నష్టం'. రైతు పొలంలోకి పోయిన నీళ్లు నష్టమెట్లా అవుతాయి?"

"మోటారు మోటారుకూ మీటరు బిగించమంటావా? బిగించాక ఆ మీటరుకు కాపలా ఎవరు?"

ఈ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు. జవాబు లేనందుకే ఈ గొడవ రాష్ట్రాల మధ్య కూడా నడుస్తోంది. తుంగభద్ర డ్యామ్ నుంచి కేసీ కాలవ వాటాగా వదిలే 10 టీఎంసీలు నదిలోనే నడిచి సుంకేశుల చేరాలి. రాజోలిబండ మళ్లింపు పథకానికి 15.9 టీఎంసీల కేటాయింపు ఉంది, ఆనకట్ట కర్ణాటకలో, చివరి ఆయకట్టు అలంపూర్ వైపు. రాజోలిబండ వాటా పూర్తిగా అందలేదన్న ఫిర్యాదుకు ఏళ్ల చరిత్ర ఉంది. డ్యామ్ దగ్గర కొలిచినవాడు ఇచ్చేశానంటాడు, కాలవ చివర కొలిచినవాడు రాలేదంటాడు. మధ్యలో ఉన్నది నది. నోరు లేనిది గనక నేరమంతా దాని మీదికి నెడతారు.

తెలుగు గంగ ఒప్పందం ఇంకో రకం. కృష్ణ నుంచి మద్రాసుకు మూడు రాష్ట్రాలూ తలా అయిదు టీఎంసీలు ఇవ్వాలి, మొత్తం 15. సరిహద్దులో అప్పగించాల్సింది 12. మిగతా మూడు దారి నష్టం అని 1983లోనే రాసుకున్నారు.

"నా ఇరవై శాతమే!" అన్నారు పెద్దాయన. "పెద్ద పెద్ద చీఫ్ ఇంజినీర్లు కూర్చుని రాసింది. నేనొక్కణ్నే రాయలేదు."

"రాశారు. 1996లో నీళ్లు పూండి చేరాయి. మొదటి ఏళ్లలో ఆ పన్నెండులో చిన్న భాగమే చేరింది. కండలేరు నుంచి సరిహద్దు దాకా 152 కిలోమీటర్ల మట్టి కాలవ. గట్లు తెగడం, ఊటలు, మోటార్లు. తర్వాత సత్యసాయి ట్రస్టు ముందుకొచ్చి లైనింగ్ చేయించాక నీళ్లు నడవడం మెరుగుపడింది. అదే కాలవ, అదే ఎండ. మారింది గట్టు. ఇరవై శాతం ప్రకృతి రాసిన అంకె అయితే, సిమెంటు వేయగానే ఎందుకు మారింది?"

పెద్దాయన దారి మార్చారు. "సరే, నష్టం సంగతి వదిలెయ్. టైము సంగతి చెప్పు. నీ కంప్యూటర్ ఏమంటుంది?"

"నీళ్లు వేరు, అల వేరు అంటుంది. నది సగటున సెకనుకు అర మీటరు నడుస్తోందనుకోండి. పులిచింతల గేటు దగ్గర వేసిన బెండు బ్యారేజీ చేరడానికి 47 గంటలు పడుతుంది. కానీ గేటు పెంచిన సంగతి, అంటే నీటిమట్టం పెరగడం, అంతకన్నా ముందే చేరుతుంది. వెడల్పాటి నదిలో అల వేగం నీటి వేగానికి అయిదు బై మూడు వంతులు. 28 గంటల్లో బ్యారేజీ గేజి కదలాలి. సెడన్ అనే అమెరికన్ ఇంజినీరు 1900లోనే మిసిసిపీ, మిస్సోరీల మీద ఈ సంగతి రాశాడు. మీ రెండు రోజులు బెండుకు సరిపోతాయి, అలకు కాదు. ఇరవై గంటల నీళ్లు ముందే వచ్చి కూర్చుంటాయి."

ఈసారి పెద్దాయన నవ్వారు. గేజి రూముల్లో జీవితం గడిపిన మనిషికి ఇలాంటి అవకాశం రోజూ రాదు.

"అమ్మాయీ, అల అంటే నీళ్ల మీద నడిచేది. నది నిండుగా పారుతుంటే నీ లెక్క అక్షరాలా నిజం. జూన్ మొదట్లో ఎండిన ఇసుక మీద అల ఎక్కడిది? అక్కడ నడిచేది నీటి మొన. ఇసుకకు తాగించుకుంటూ, గుంతలు నింపుకుంటూ, పాయ వెతుక్కుంటూ పోతుంది. అది నీటికన్నా ముందు ఎట్లా పోతుంది? పొద్దున చూసిన చోటికి సాయంత్రం వెళితే అక్కడే నురగ, చెత్త తోసుకుంటూ అంగుళం అంగుళం పాకుతూ ఉంటుంది. నాకు రెండు రోజులు కాదు, రెండున్నర పట్టిన సందర్భాలు ఉన్నాయి."

ఆమె వెంటనే ఒప్పుకుంది. ఇలాంటి చోట ఒప్పుకోకపోతే చదువుకు విలువుండదు. నదీ ప్రవాహాన్ని లెక్కగట్టే మస్కింగమ్ పద్ధతిని మెకార్తీ 1938లో ఒహాయోలోని మస్కింగమ్ నది కోసం కనిపెట్టాడు. దానికి రెండు అంకెలు కావాలి: అల ఒక మేర దాటడానికి పట్టే టైము, దారిలో అది ఎంత చదునవుతుందో చెప్పే గుణకం. ఆ రెండూ మామూలుగా పాత వరదల రికార్డుల నుంచి తీస్తారు. అయిదు లక్షల క్యూసెక్కుల వరదలో తీసిన అంకెను అయిదు వేల క్యూసెక్కుల వేసవి విడుదలకు వాడితే వచ్చేది లెక్క కాదు, లెక్క వేషం.

ఆమె ఇంకో మాట కూడా అంది, పెద్దాయన వృత్తి గర్వానికి అది బాగానే తగిలింది. "మీరు బ్యారేజీకి ఇన్‌ఫ్లో అని గంట గంటకూ రాసే అంకె ఎట్లా వస్తుంది? నేరుగా ఎవరూ కొలవరు. కాలవలకు వదిలింది, గేట్ల కింద పోయింది కలిపి, నీటిమట్టం ఎంత పెరిగిందో చూసి వెనక్కి లెక్కగడతారు. నీళ్లు 30 చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉన్నాయనుకోండి. గేజి మీద ఒక్క అంగుళం తప్పు చదివితే ఏడు లక్షల అరవై వేల ఘనపు మీటర్లు. ఒక్క గంటలో ఆ తప్పు పడితే 7,400 క్యూసెక్కులకు పైగా ఇన్‌ఫ్లో గాల్లోంచి పుట్టినట్టు. సాయంత్రం గాలి తిరిగితే చాలు, అంగుళం అటూ ఇటూ అవుతుంది."

"అందుకే రోజు సగటు చూడాలి" అన్నారాయన.

"రోజు సగటులోనూ అంగుళానికి మూడొందల క్యూసెక్కులు. మీ ఎండ తిన్నదానికి మూడు రెట్లు. పైన పులిచింతలలోనూ అంతే. కరెంటు తీసి వదిలే నీళ్లను మెగావాట్ల నుంచి క్యూసెక్కులకు మారుస్తారు. ఆ మార్పులో అయిదు శాతం తేడా వస్తే ఆరు వేలకు ఇంకో మూడొందలు. కొలతలో తప్పును కూడా మీరు నది ఖాతాలోనే రాశారు మామయ్యా."

పెద్దాయనకు కోపం వచ్చింది. కోపం వస్తేనే ఆయన అసలు మాట బయటపెడతారు.

"నీకు ఒక సంగతి తెలియదు. ఎక్కువ నీళ్లు తెప్పించినందుకు నన్ను ఎవరూ అడగలేదు. నాలుగు గేట్లు అడుగు లేపి కిందికి వదిలేస్తే ఆ నీళ్లకు సాక్షి సముద్రమొక్కటే. కానీ నీళ్లు తక్కువైతే? నాగాయలంక, కోడూరు శివారు రైతులు లాకుల దగ్గర కూర్చుంటారు. ఎమ్మెల్యే ఫోను, పై ఆఫీసు ఫోను. తప్పు ఏ వైపు జరిగినా ఒకే శిక్ష అయితే నీలాగే లెక్క వేసేవాణ్ని. శిక్ష ఒక వైపే ఉంది. ఇరవై శాతం ఇసుక కోసం రాయలేదమ్మా, నా కోసం రాశాను."

ఈ ఒప్పుకోలు పుస్తకాల్లో దొరకదు. నష్టాల అంచనా మీద ఎన్ని సూత్రాలు వచ్చినా, ఇండెంట్ మీద సంతకం పెట్టే మనిషి భయం ఆ అంకెలోకి దూరుతూనే ఉంటుంది. ఆ భయానికి ఎవరో ఒకరు నీళ్లు చెల్లించాలి. 2014 తర్వాత ఆ ఎవరో ఎవరన్నది కూడా మారింది. కృష్ణా బోర్డు వచ్చాక 811 టీఎంసీల్లో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అన్న తాత్కాలిక పంపకం 2015లో మొదలైంది. పైనుంచి వదిలే ప్రతి టీఎంసీ ఎవరో ఒకరి ఖాతాలో ఖర్చే. డెల్టా కోసమని అదనంగా తెచ్చి సముద్రంలో కలిపితే, జనవరిలో సాగర్ కుడి కాలవ రైతుకు ఒక తడి తగ్గుతుంది. ఆ రైతు డెల్టా ఈఈ ఆఫీసు ముందుకు రాడు. ఆయన ఊరు వేరు, కాలవ వేరు.

"వరదలో అయితే నీదే పైచేయి, కాదనను" అన్నారు పెద్దాయన కాస్త చల్లబడి. "అక్కడ నష్టాలతో పనిలేదు, గంటలే ముఖ్యం."

ఆమె 2009 అక్టోబర్ గుర్తుచేసింది. శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కులు విరుచుకుపడిన వరద, మూడు రోజుల తర్వాత ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.10 లక్షలుగా దిగింది. మధ్యలో రెండు పెద్ద జలాశయాలూ దాని నడుం విరిచాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో అలా జరగలేదు. పైనుంచి వచ్చే నీళ్లకు తోడు, పులిచింతలకు దిగువన కలిసే మున్నేరు పొంగింది. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదయ్యాయి, 70 గేట్లూ ఎత్తారు, కొట్టుకొచ్చిన బోట్లు గేట్లకు గుద్దుకున్నాయి.

"మున్నేరు శిఖరం బ్యారేజీ చేరే గంట ముందే తెలిస్తే, పులిచింతల వరదను ఆ గంట తప్పించి వదలొచ్చు. అయిదు టీఎంసీల ఖాళీ ఉంటే లక్ష క్యూసెక్కులను దాదాపు 14 గంటలు పట్టి ఉంచొచ్చు" అందామె.

"ఆ ఖాళీ ఎక్కడిది? సెప్టెంబర్‌లో పులిచింతల నిండి ఉంటుంది. వాన వస్తుందని నీ కంప్యూటర్ చెబితే అయిదు టీఎంసీలు ముందే ఖాళీ చేయాలి. వాన రాకపోతే? రబీకి ఆ అయిదూ ఎవరిస్తారు?"

"రాకపోయే అవకాశం నూటికి ఎంతో కూడా చెబుతాను."

"నూటికి ముప్పై అని చెబితే నేను గేటు నూటికి ముప్పై ఎత్తాలా?"

దీని మీద వాళ్లు ఎప్పటికీ కలవరు. కానీ వేసవి విడుదల కాగితం మీద మాత్రం, ఇద్దరూ కూర్చుని ఒక నమూనా రాశారు. మొదటి నీళ్లకు 60 గంటలు. నది తడిశాక గేటులో చేసే ప్రతి మార్పుకూ 30 గంటలు. మొదటి మూడు రోజులకు నష్టం కింద 20 శాతం, ఆ తర్వాత ఎనిమిది. నాలుగో రోజు పైగేజి, కిందిగేజి రెండూ పక్కపక్కన పెట్టి ఆ ఎనిమిదిని మళ్లీ చూడాలి. మధ్యలో గేటు మూయకూడదు. చివరి షరతు పెద్దాయనది. కింద గీత గీసి మరీ రాయించారు.

తర్వాత ఆయన పెన్ను తీసుకుని ఎనిమిదిని కొట్టేసి పది చేశారు.

"ఈ రెండు శాతం ఎందుకు?"

"120 క్యూసెక్కులు. నాగాయలంక వైపు మంచినీళ్ల చెరువులకు."

"అయితే నష్టం అని రాయకండి. నాగాయలంక చెరువులకు 120 అని రాయండి."

"అట్లా రాస్తే పై ఆఫీసులో మొదట కొట్టేసేది దాన్నే" అంటూ ఆయన పదిని అలాగే ఉంచారు.